క్రియ ముందుకొచ్చిన సర్వనామం

ఫ్రెంచిలో కర్మ నామవాచకమైతే క్రియ తర్వాత వస్తుంది, సర్వనామమైతే క్రియకు ముందే వస్తుంది. మేరీని చూస్తున్నాననడానికి ‘జె వ్వా మరీ’ అంటారు, ఆమెను చూస్తున్నాననడానికి ‘జె లా వ్వా’ అంటారు. కొత్తగా నేర్చుకునేవారిని తికమకపెట్టే ఈ అమరికను ఏ వ్యాకర్తా కల్పించలేదు. లాటిన్ జనం నోట అరిగి ఫ్రెంచిగా మారుతున్న శతాబ్దాల్లో అది దానంతటదే ఏర్పడింది.

లాటిన్‌లో ‘ఇల్లె’ అంటే ‘ఆ’, ‘అతడు’. దాని ద్వితీయా విభక్తి రూపాలు నలిగి లె, లా, లే అయ్యాయి. ‘వారి’ అనే అర్థమున్న షష్ఠీ రూపం ‘ఇల్లోరుమ్’ నుంచి వచ్చిన ‘లెర్’ ‘వారికి’ అనే పని కూడా చేపట్టింది. ‘నన్ను’ అనే మాట ఊనిక పడిన చోట ‘మ్వా’ అయింది, పడని చోట ‘మె’గానే ఉండిపోయింది. ఊనిక లేని ఈ పొట్టి మాటలు విడిగా నిలవలేవు, క్రియను అంటిపెట్టుకునే పలుకుతాయి.

ఫ్రెంచిలో మనకు దొరికిన తొలి పాఠం 842 నాటి స్ట్రాస్‌బర్గ్ ప్రమాణాలు. ఆ తర్వాతి ప్రాచీన ఫ్రెంచిలో ఒక కట్టుబాటు కనిపిస్తుంది: ఊనిక లేని సర్వనామంతో వాక్యం మొదలుకాకూడదు. క్రియతో మొదలైన వాక్యంలో సర్వనామం వెనక్కి వెళ్లేది, ముందు మరో మాట ఉంటే క్రియకు ముందే నిలిచేది. 19వ శతాబ్దంలో దీన్ని వివరించిన టోబ్లర్, ముసాఫియాల పేర్లతోనే ఇప్పుడీ సూత్రాన్ని పిలుస్తున్నారు. క్రమంగా అది సడలిపోయినా ఆజ్ఞార్థకంలో దాని జాడ చెరగలేదు. ‘దాన్ని నాకివ్వు’ అనడానికి నేటికీ ‘దొన్ లె మ్వా’ అనే అంటారు. ‘ఇవ్వకు’ అన్నప్పుడు వ్యతిరేకార్థకమైన ‘నె’ ముందుంటుంది కాబట్టి, సర్వనామాలు మళ్లీ క్రియ ముందుకొచ్చి ‘నె మె లె దొన్ పా’ అవుతుంది. పాఠ్యపుస్తకాలు మినహాయింపుగా చెప్పే ‘దొన్ లె మ్వా’ రూపం నిజానికి పాత నియమానికి మిగిలిన గుర్తు.

రెండు సర్వనామాలు పక్కపక్కన వచ్చినప్పటి వరుస కూడా మారింది. ఒకప్పుడు ‘ఇల్ లె మె దొన్’ అనేవారు, ఇప్పుడు ‘ఇల్ మె లె దొన్’ అంటున్నారు. ప్రథమ పురుషలో మాత్రం ‘లె లుయి’ అనే పాత వరుసే నిలిచింది. రెండు క్రియలున్న చోటా సర్వనామం స్థానం మారింది. 17వ శతాబ్దంలో ‘అతన్ని చూడాలనుంది’ అనడానికి ‘జె లె వె వ్వార్’ మామూలు వాడుక. 1647లో భాషా వాడుకపై తన వ్యాఖ్యలు ప్రచురించిన వోజెలా కూడా ఈ తరహా అమరికవైపే మొగ్గాడు. జనం వాడుక ఆయన మాట వినలేదు, సర్వనామం రెండో క్రియ పక్కకు జరిగి ‘జె వె లె వ్వార్’ స్థిరపడింది.

తెలుగులో కర్మ మామూలుగా క్రియకు ముందే వస్తుంది కనుక, ‘దాన్ని చూశాను’ అనే మనకు సర్వనామం ముందుండటం వింత కాదు. చిక్కు వేరేచోట ఉంది. ‘సినిమా చూశావా?’ అంటే ‘చూశాను’ అని ఊరుకుంటాం. ఫ్రెంచిలో అక్కడ సర్వనామం వదలకుండా ‘జె లే వ్యు’ అనాలి.