బాలల కాలేయంలో కొవ్వు: వ్యాధి నిర్ధారణ, చికిత్సల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కాలేయంలో కొవ్వు చేరడాన్ని మద్యపానం చేసే పెద్దలకు వచ్చే జబ్బుగానే జనం చాలాకాలం భావించారు. పిల్లల కాలేయంలో కొవ్వును వైద్యశాస్త్రం రెండు వేర్వేరు సందర్భాల్లో గుర్తించింది. మొదటిది పోషకాహార లోపం, రెండవది స్థూలకాయం. ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచి, నిర్ధారణ, చికిత్సలు మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లేమి నాటి కొవ్వు

నేటి ఘనా దేశం ఒకప్పుడు గోల్డ్‌కోస్ట్. అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ 1933లో, తల్లిపాలు మానిన పసిపిల్లలకు వచ్చే ఒక వ్యాధిని వర్ణించారు. ఒళ్లు వాచేది, చర్మం పొరలుగా ఊడేది. చనిపోయిన పిల్లల కాలేయాలు కొవ్వుతో నిండి ఉండేవి. 1935లో ఆమె దానికి స్థానిక గా భాషలోని ‘క్వాషియార్కర్’ అనే పేరునే వాడారు. తరువాతి బిడ్డ పుట్టడంతో తల్లి ఒడికి దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాట సూచిస్తుంది.

దక్షిణ భారతంలో ఈ వ్యాధిని కూనూరు పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ అధ్యయనం చేశారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, అనంతరం జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధమైంది. మాంసకృత్తులు కొరవడితే కొవ్వును కాలేయం నుంచి రక్తంలోకి చేర్చే వాహకాలు తగ్గుతాయన్నది నాటి ప్రధాన వివరణ. సరైన తిండి అందితే ఆ కొవ్వు కరిగిపోయేది.

సమృద్ధి నాటి కొవ్వు

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ బృందం, మద్యం అలవాటు లేని పెద్దల్లో మద్యపాన వ్యాధిని పోలిన కాలేయ మార్పులను వర్ణించి ‘మద్యేతర’ అన్న విశేషణంతో పేరు పెట్టింది. 1983లో మోరన్ తదితరులు ముగ్గురు స్థూలకాయ బాలల్లో అటువంటి స్థితినే నివేదించారు. వ్యాప్తి ఎంతో తెలియడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. శాన్ డియాగో ప్రాంతంలో 1993–2003 మధ్య జరిగిన 742 మంది పిల్లల శవపరీక్షలను ష్విమర్ బృందం విశ్లేషించి 2006లో ప్రకటించింది. 2–19 ఏళ్లవారిలో 9.6 శాతం మందికి, స్థూలకాయుల్లో 38 శాతం మందికి కొవ్వు కాలేయం ఉందని అంచనా వేసింది.

నిర్ధారణ: గీత ఎక్కడ?

ఈ వ్యాధికి తొలిదశలో లక్షణాలు దాదాపు ఉండవు. కనుక ఏఎల్‌టీ అనే రక్తపరీక్షే మొదటి ఆధారం. అయితే ‘సాధారణం’ అనే గీతను ఎక్కడ గీయాలి? అమెరికా పిల్లల ఆసుపత్రుల్లో దీని గరిష్ఠ పరిమితి 30 నుంచి 90 యూనిట్ల వరకు మారుతోందని 2010 నాటి అధ్యయనం చూపింది. ఆరోగ్యవంతుల్లో అది బాలురకు సుమారు 26, బాలికలకు 22 అని తేల్చింది. అంటే అంతకుముందు ‘బాగుంది’ అనిపించుకున్న నివేదికల వెనుక ఎందరో రోగపీడిత బాలలు మరుగున పడ్డారు.

2017 నాటి ఉత్తర అమెరికా మార్గదర్శకాలు స్థూలకాయ బాలలకు 9–11 ఏళ్ల మధ్య ఈ పరీక్షను సూచించాయి. తక్కువ కొవ్వును అల్ట్రాసౌండ్ పట్టలేదు కనుక దాన్ని తొలి వడపోతకు వద్దన్నాయి. బిడ్డ లావుగా ఉన్నంత మాత్రాన కారణం తేలినట్టు కాదు. విల్సన్ వ్యాధి, హెపటైటిస్ వంటివి లేవని చూడాలి.

చికిత్స: మాత్ర నుంచి వంటింటికి

2011లో వెలువడిన టానిక్ పరీక్షలో 173 మంది బాలలకు 96 వారాలపాటు విటమిన్-ఇ, మెట్‌ఫార్మిన్, ఉత్తుత్తి మాత్రలలో ఏదో ఒకటి ఇచ్చారు. ఏఎల్‌టీని స్థిరంగా తగ్గించడంలో రెండు మందులూ ఉత్తుత్తి మాత్రను మించలేదు. 2019 నాటి మరో అధ్యయనంలో 40 మంది బాలురలో సగం మందికి 8 వారాలు చక్కెర బాగా తగ్గించిన ఆహారం ఏర్పాటు చేశారు. కాలేయ కొవ్వు 25 నుంచి 17 శాతానికి దిగింది. మామూలు ఆహారం తిన్నవారిలో 21 నుంచి 20కి మాత్రమే తగ్గింది. ఇక్కడ గమనించదగినది, ఆ మార్పును బిడ్డకొక్కడికే కాక ఇంటిల్లిపాదికీ వర్తింపజేయడం.

ముగింపు

భారత ప్రభుత్వం 2021లో ఈ వ్యాధిని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2023లో అంతర్జాతీయ నిపుణులు ‘మద్యేతర’ను వదిలి జీవక్రియా లోపాన్ని సూచించే పేరును స్వీకరించారు. ‘ఫ్యాటీ’ అన్న మాట రోగిని కించపరుస్తుందని దాన్నీ తప్పించారు. కొవ్వు పట్టడం, కొవ్వెక్కడం అన్నవి తెలుగులో నిందావాక్యాలు. కనుక బిడ్డకు వ్యాధిని వివరించే తెలుగు మాట ఎంపికలోనూ ఈ జాగ్రత్త అవసరం.

ఈ రెండు ఘట్టాల్లోనూ కారణాల జాడ బిడ్డ కంచం దగ్గరికి దారితీస్తుంది. ఆ కంచంలో ఏం పడాలో నిర్ణయించేది బిడ్డ కాదు. లేమి నాటి బిడ్డను ఎవరూ నిందించలేదు. సమృద్ధి నాటి బిడ్డకూ అదే న్యాయం వర్తించాలి.