కార్డు కనిపిస్తుంది, డిస్కు కనిపించదు: బీజాపూర్ లాంటి ఊళ్లో సర్వర్ బిగించే ముందు చూసుకోవాల్సినవి

2007లో దంతేవాడ నుంచి విడిపోయి జిల్లా అయిన బీజాపూర్‌కు రైలు లేదు. జగదల్‌పూర్ నుంచి గీదం మీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారే ప్రధాన ఆధారం. అదే రోడ్డు భోపాలపట్నం దగ్గర తెలుగు మాట వినిపించే ప్రాంతాన్ని దాటి గోదావరి వైపు సాగుతుంది. 2018 ఏప్రిల్ 14న ఈ జిల్లాలోని జాంగ్లాలో ఆయుష్మాన్ భారత్ కింద దేశంలోనే తొలి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ మొదలైంది. అదే రోజు ప్రధాని బస్తర్ ఇంటర్నెట్ ప్రాజెక్టు తొలి దశను ప్రారంభించారు.

లైను వచ్చినంత మాత్రాన అది తెగదని కాదు. తెగిన రోజూ ఆసుపత్రిలోనో కార్యాలయంలోనో పని ఆగకూడదంటే కొంత సమాచారం ఊళ్లోనే ఉండాలి. అందుకు రెండు సర్వర్లు, వాటికి ఉమ్మడిగా ఒక స్టోరేజీ పెట్టె చాలు. ఈ అమరికలో తరచూ ఇబ్బంది పెట్టేది నెట్‌వర్క్ కార్డు. అదే హైదరాబాద్‌లో అయితే సాయంత్రానికి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి మార్చుకోవచ్చు. బీజాపూర్ నుంచి జగదల్‌పూరే సుమారు 160 కిలోమీటర్లు. కాబట్టి కార్డు సరిపోతుందో లేదో పెట్టె బండెక్కకముందే తేల్చుకోవాలి.

నెట్‌వర్క్ కార్డే డిస్కు తీగ

డిస్కులను ఒక్కో సర్వర్‌లో విడివిడిగా కాకుండా ఒకే పెట్టెలో ఉంచి, అన్ని సర్వర్లూ నెట్‌వర్క్ మీదుగా వాడుకోవడమే ఉమ్మడి స్టోరేజీ. ఒక సర్వర్ పడిపోతే దాని పనిని రెండోది అందుకుంటుంది. ఇందుకు ఫైబర్ చానెల్ ఖరీదైన దారి. మామూలు ఈథర్‌నెట్ మీదే డిస్కు ఆదేశాలను పంపే ఐస్కజీ 2004లో ప్రమాణంగా వచ్చింది. చిన్న కార్యాలయాలకు అందుబాటులో ఉండేది ఇదే.

వెబ్‌పేజీకి వెళ్లే ప్యాకెట్లు కొన్ని పోతే పేజీ కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. డిస్కుకు వెళ్లే దారి తెగితే దాని మీద నడిచే యంత్రాలన్నీ ఒక్కసారే నిలిచిపోతాయి. లినక్స్‌లో ఐస్కజీ కనెక్షన్ తిరిగి వస్తుందేమోనని మామూలుగా 120 సెకన్లు వేచి చూస్తుంది. ఆ గడువు దాటితే డేటాబేస్‌కు అది డిస్కు లోపంగానే తెలుస్తుంది. అందుకే లోపాన్ని కింది నుంచి పైకి, ఒక్కో మెట్టు తేల్చుకుంటూ వెతకాలి.

మొదట స్లాట్

కార్డు అసలే కనిపించకపోతే డ్రైవర్ జోలికి వెళ్లొద్దు. రెండు ప్రాసెసర్లకు చోటున్న సర్వర్‌లో కొన్ని స్లాట్లు రెండో ప్రాసెసర్‌తోనే కలిసి ఉంటాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ఒకే ప్రాసెసర్‌తో కొన్న సర్వర్‌లో ఆ స్లాట్లు పనిచేయవు. కార్డును పక్క స్లాట్‌లోకి మారిస్తే చాలు.

కార్డు కనిపించినా వేగం ఒక హద్దు దగ్గర ఆగిపోతే స్లాట్ లోపలి వెడల్పు చూడాలి. పైకి ఎనిమిది లేన్లలా ఉన్న స్లాట్‌లో నిజానికి నాలుగే ఉండొచ్చు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరంలో నాలుగు లేన్లు కలిసి సెకనుకు 2 గిగాబైట్లు మోస్తాయి. రెండు 10 గిగాబిట్ పోర్టులు నిండుగా నడవాలంటే 2.5 గిగాబైట్లు కావాలి.

డ్రైవర్, ఫర్మ్‌వేర్

ఒకే చిప్‌ను వేర్వేరు సర్వర్ కంపెనీలు తమ పేరుతో, తమ ఫర్మ్‌వేర్‌తో అమ్ముతాయి. కార్డు అసలు గుర్తింపు నాలుగు సంఖ్యల్లో ఉంటుంది: తయారీదారు, పరికరం, ఉప తయారీదారు, ఉప పరికరం. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086. అనుకూలత జాబితాలో కార్డు పేరు ఒక్కటే చూసి తృప్తి పడొద్దు. ఈ నాలుగు సంఖ్యలతో పాటు ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, డ్రైవర్, ఫర్మ్‌వేర్ కూడా ఒకే వరుసలో కలవాలి. లినక్స్‌లో ఈథ్‌టూల్ ఆదేశం డ్రైవర్, ఫర్మ్‌వేర్ వెర్షన్లను చూపిస్తుంది.

నిన్నటిదాకా నడిచిన కార్డు అప్‌గ్రేడ్ తర్వాతా నడుస్తుందన్న హామీ లేదు. 2020లో వచ్చిన వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0 పాత లినక్స్ తరహా డ్రైవర్లను తీసేసింది. వాటి మీదే ఆధారపడిన కార్డులు ఆ వెర్షన్‌లో కనిపించకుండా పోయాయి. 8.0 వెర్షన్ మెలనాక్స్ కనెక్ట్‌ఎక్స్-3 కార్డుల డ్రైవర్‌ను కూడా వదిలేసింది. సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికే కార్డులను ఈ కోణంలో చూసి కొనాలి.

మాడ్యూల్, తీగ

కార్డు, డ్రైవర్ రెండూ సరిగానే ఉండి లింకు దీపం వెలగకపోతే మాడ్యూల్‌ను అనుమానించాలి. ఇంటెల్ ఎక్స్520 డ్రైవర్ తన జాబితాలో లేని మాడ్యూల్‌ను చూస్తే పోర్టును పైకి రానివ్వదు. లినక్స్‌లో ఆ తనిఖీని ఆపే అమరిక ఉంది. దాన్ని పరీక్షకు వాడుకుని, పనిలోకి మాత్రం జాబితాలో ఉన్న మాడ్యూల్‌నే పెట్టడం మంచిది.

మాడ్యూళ్లు రెండు చివరలా ఒకే రకం కావాలి. ఎస్‌ఆర్ రకం 850 నానోమీటర్ల కాంతితో మల్టీమోడ్ ఫైబర్ మీద, ఎల్‌ఆర్ రకం 1310 నానోమీటర్ల కాంతితో సింగిల్‌మోడ్ ఫైబర్ మీద పనిచేస్తాయి. 25 గిగాబిట్ లింకులో ఎర్రర్లను సరిదిద్దే ఎఫ్‌ఈసీ పద్ధతి కూడా కార్డులోనూ స్విచ్‌లోనూ ఒకటే అయి ఉండాలి. దీపం వెలిగినా ఎర్రర్ల లెక్క పెరుగుతూ పోతుంటే ఫైబర్ కొనలను శుభ్రం చేసి చూడాలి.

స్విచ్, స్టోరేజీ

లాగిన్ అవుతుంది, డిస్కు పేరూ కనిపిస్తుంది, పెద్ద ఫైలు కాపీ చేయగానే మాత్రం అంతా బిగుసుకుపోతుంది. ఇది చాలావరకు ఎంటీయూ తేడా. సర్వర్‌లో 9000 పెట్టి, మధ్యలోని స్విచ్‌ను 1500 దగ్గరే వదిలేస్తే ఇలా జరుగుతుంది. పరీక్ష తేలిక: ముక్కలు చేయవద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపాలి. 9000లో 28 బైట్లు హెడర్లకు పోతాయి కాబట్టి ఆ అంకె. జవాబు రాకపోతే దారిలో ఏదో ఒక పోర్టు చిన్నదిగా ఉన్నట్టే.

ఇవన్నీ కుదిరాక ఒక ప్రమాదం మిగులుతుంది. రెండు సర్వర్లకూ ఒకే డిస్కు కనిపిస్తోంది కదా అని మామూలు ఫైల్ సిస్టమ్‌తో రెండింటిలోనూ మౌంట్ చేస్తే డేటా పాడవుతుంది. ఉమ్మడి వాడకానికి వీఎంఎఫ్‌ఎస్, జీఎఫ్‌ఎస్2 లాంటివి కావాలి.

బండెక్కే ముందు

సర్వర్లు, స్విచ్, స్టోరేజీ అన్నింటినీ రాయ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఒక బల్ల మీద కలిపి నడపాలి. రాత్రంతా పెద్ద ఫైళ్లు కాపీ చేయిస్తూ మధ్యలో ఒక తీగ లాగి, పని రెండో దారి మీదికి మారుతుందో లేదో చూడాలి. పనిచేసిన వెర్షన్లు, కార్డు నాలుగు సంఖ్యలు, ఏ తీగ ఏ పోర్టులోనన్నది కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపల అంటించాలి. అదే రకం కార్డు ఒకటి, మాడ్యూళ్లు రెండు అదనంగా పంపాలి. రేపు అర్ధరాత్రి బీజాపూర్‌లో ఆ మూత తెరిచే ఉద్యోగికి, దారి వానకు మూసుకుపోయి ఉంటే, చేతికి అందేవి ఆ కాగితం, ఆ కార్డు మాత్రమే.