మూడు పౌన్ల పన్ను - మన పెద్దల ఎదురుమాట

గిరిమిట్ కాగితంపై వేలిముద్ర వేసి మన పూర్వులు ఓడనెక్కిన కథ మన ఇండ్లలో చెప్పుకొనేదే. మొదటి ఓడ 'ట్రూరో' మదరాసునుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు నేటాలుకు వచ్చిన సుమారు 1,52,000 మందిలో విశాఖ, ఉత్తరార్కాటు మొదలైన జిల్లాల తెలుగువారు అనేకులు. వారు సహించిన కష్టాలను తలచుకొంటాము. వారు ఎదిరించిన సంగతి మాత్రం మనలో కొందరికే తెలుసు.

అయిదేండ్ల గడువు తీరిన కూలీలు ఇక్కడే స్వేచ్ఛగా స్థిరపడటం తోటల దొరలకు కిట్టలేదు. తిరిగి గిరిమిట్ కట్టాలి, లేదా స్వదేశం పోవాలి; రెండూ కాదంటే ఏటా 3 పౌన్లు చెల్లించాలని 1895లో నేటాలు ప్రభుత్వం చట్టం చేసింది. మొదటి ఏడు కూలి నెలకు 10 షిల్లింగులే. అంటే ఆ పన్ను ఆరు నెలల కష్టార్జితము! 1903లో 16 ఏండ్లు దాటిన కొడుకులపైన, 13 ఏండ్లు దాటిన కూతుళ్లపైన కూడా అది పడింది.

1913 మార్చిలో మరొక దెబ్బ తగిలింది. క్రైస్తవ పద్ధతిలో జరగని వివాహాలు చెల్లవని కేప్ కోర్టు తీర్పు చెప్పింది. అంతవరకు ఇల్లు దాటని మన స్త్రీలు గాంధీగారి సత్యాగ్రహంలో చేరారు. అక్టోబరులో ట్రాన్స్‌వాల్ స్త్రీలు న్యూకాసిల్ బొగ్గు గనులకు వెళ్లి, పన్ను రద్దయ్యేవరకు పనిలోకి దిగవద్దని కార్మికులకు నచ్చజెప్పారు. వారి వెంట నిలిచిన తంబి నాయుడుగారు మారిషస్‌లో పుట్టినవారు. తమిళం, హిందుస్తానీలతోపాటు కొంత తెలుగు కూడా వచ్చినవారు.

గనులలో పని ఆగింది. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటడానికి కాలినడకన బయలుదేరారు. ప్రభుత్వం వారిని పట్టి గనులకు తెచ్చి, ఆ గనులనే జైళ్లుగా ప్రకటించింది. అయినా సమ్మె కోస్తా చెరుకు తోటలకు ప్రాకింది. అక్కడ పోలీసు కాల్పులలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. చివరకు 1914లో పన్ను రద్దయింది. మన వివాహాలకు గుర్తింపు వచ్చింది.

కష్టాలన్నీ తీరలేదు. రంగుభేదం లేని ఓటుకు 1994 వరకు ఆగవలసి వచ్చింది. కాని చదువు, ధనము, ఓటు ఏదీ లేనివారు కూడా "ఇది అన్యాయం" అనగలరని, ఆ మాటకు ప్రభుత్వం దిగిరాక తప్పదని మన పెద్దలు చూపారు. ఇన్ని ఉన్న మనకు మౌనం తగునా?

గనులలో, తోటలలో పని మానినవారిలో ఎందరి పేర్లో గ్రంథాలకెక్కలేదు. మీ ఇంట్లో పెద్దలుంటే నేడే అడిగి వ్రాసి ఉంచండి. మన పిల్లలకు ఇవ్వదగిన ఆస్తి అది.