కొడగుసీమలో తుపాకి

మూతినుండి మందు దట్టించు తుపాకితో వేఁటాడువానికి ఓర్పే విద్య. గజముతో మందును, గుండును కూరి కాల్చిన తొలిదెబ్బ తప్పినచో, మఱల నింపులోపల మృగము దాఁటిపోవును.

కొడగుసీమను 1834లో ఆంగ్లేయులు వశపఱచుకొనిరి. రాజభక్తికి మెప్పుగా 1861లో మార్క్ కబ్బన్ కొడవజాతివారికి ఆయుధ నిర్బంధమునుండి మినహాయింపొసఁగెను. అనుమతిపత్రము లేనిదే ఆయుధము పట్టరాదని 1878 నాఁటి శాసనము తక్కిన భారతీయులను కట్టడిచేయఁగా, కొడవల తుపాకులు ఇండ్లలోనే నిలిచినవి. ఒకరికి దక్కిన ఈ గౌరవము ఇరుగుపొరుగువారికి నిరాకరింపఁబడిన హక్కు అనుటయు మఱువరాదు.

1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేఁట నిషిద్ధమైనది. అయినను కైల్‌పోళ్దు పండుగనాఁడు తుపాకికిఁ బూజ జరుగుచున్నది. పుత్తరినాఁడు తొలి వరికంకులు కోయునపుడు తుపాకి మ్రోగుచున్నది. కావున ఆయుధచరిత్రను శాసనములయందేగాక పండుగలయందును వెదకవలసియున్నది.