డేగ పేరున్న ఊరు

స్లొవేకియా నడిమధ్యన, క్రెమ్నిత్సా కొండల మీద క్రహులె అనే చిన్న పల్లె ఉంది. అటూ ఇటుగా రెండు వందల జనాభా. ఊరి బోర్డు మీద స్లొవాక్ పేరు కింద మరో పేరు కనిపిస్తుంది: బ్లౌఫూస్. స్లొవాక్‌లో క్రహులెత్స్ అంటే డేగ. జర్మన్‌లో బ్లౌఫూస్ అంటే అక్షరాలా నీలికాలు. కానీ అదీ వేటకు పెంచే ఒక రకం డేగకు పూర్వం ఉన్న పేరే. డేగనే రెండు భాషలవాళ్ళు ఎవరి నోటితో వాళ్ళు పిలుచుకున్నారు.

జర్మన్లను ఈ కొండలకు రప్పించింది బంగారం. దిగువనున్న క్రెమ్నిత్సాకు హంగరీ రాజు చార్లెస్ రాబర్ట్ 1328 నవంబరు 17న పట్టణ హక్కులిచ్చి, టంకశాల పెట్టించాడు. బొహీమియాలోని కుట్నా హోరా నుంచి నాణేలు కొట్టే నిపుణులు వచ్చారు. ఆ టంకశాల నేటికీ నడుస్తోంది. స్లొవేకియా యూరో నాణేలు తయారయ్యేది అక్కడే.

గనులకు కలప కావాలి. అడవి కొట్టిన చోటల్లా ఊరు లేచింది. అలా నరికి చదును చేసిన నేలను జర్మన్‌లో 'హౌ' అంటారు. కునెష్‌హౌ, క్రికర్‌హౌ, గ్లాజర్‌హౌ... ఈ పేర్ల వరస చూసే 20వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని హౌయర్‌లాండ్ అన్నారు. గ్లాజర్‌హౌ అంటే గాజు పనివాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న ఊరు. స్లొవాక్‌లో దాని పేరు స్క్లెనె. అందులోనూ ఉన్నది గాజే.

ఆ గాజు ఊరు పేరు వింటే హౌయర్‌లాండ్ మనుషులకు నేటికీ గుండె బరువెక్కుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఫ్రాంజ్ కార్మజిన్ నాయకత్వంలోని ఇక్కడి జర్మన్ల పార్టీ హిట్లర్ వెంట నడుస్తోంది. 1944 ఆగస్టు 29న నాజీల మీద స్లొవాక్ తిరుగుబాటు మొదలైంది. సెప్టెంబరు 21న గెరిల్లాలు స్క్లెనె మగవాళ్ళను పట్టుకెళ్ళి 187 మందిని కాల్చి చంపారు. పార్టీ చేసిన పాపానికి పల్లె ప్రాణాలు బలైపోయాయి. దాన్ని న్యాయం అనడానికి నోరు రాదు.

ఆపైన చెల్లాచెదురు. యుద్ధానికి ముందు స్లొవేకియాలో సుమారు లక్షన్నర మంది జర్మన్లు ఉండేవారు. సోవియట్ సేనలు దగ్గరపడుతుంటే జర్మన్ అధికారులే దాదాపు 1,20,000 మందిని బళ్ళలో, రైళ్ళలో తరలించారు. యుద్ధం ముగిశాక ఇంటి మీద బెంగతో తిరిగొచ్చిన వాళ్ళనూ, కదలకుండా ఉండిపోయిన వాళ్ళలో చాలామందినీ కొత్త ప్రభుత్వం ఆస్తులు లాక్కుని దేశం దాటించింది. 2001 జనగణనలో తాము జర్మన్లమని చెప్పుకున్నవాళ్ళు 5,405 మందే.

1991 ఫిబ్రవరిలో స్లొవాక్ పార్లమెంటు ఆ వెళ్ళగొట్టిన తీరుకు క్షమాపణ చెప్పింది. 1999లో తూర్పున మెజ్జెవ్ అనే జర్మన్ ఊళ్ళో పెరిగిన రుడాల్ఫ్ షుస్టర్ దేశాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడే మైనారిటీ భాషల చట్టం వచ్చింది: అప్పటి నియమం ప్రకారం ఊరి జనంలో ఒక మైనారిటీ 20 శాతం ఉంటే వాళ్ళ భాషకు ఊరి పాలనలో చోటు. అర్హత ఉన్న ఊళ్ళ జాబితాను ప్రభుత్వం ప్రకటించింది. అందులో హంగేరియన్ కింద వందల ఊళ్ళుండేవి.

జర్మన్ కింద ఒక్కటే: క్రహులె, బ్లౌఫూస్.