నాణెం వేసి ఆడిన ఆటలు



చరిత్ర ప్రసంగం అనగానే, 1799లో కయత్తారులో కట్టబొమ్మను ఉరితీసిన సంగతో, మదురై నాయకుల పాళయాల సంగతో చెప్పబోతున్నారని మీరు అనుకుని ఉంటారు. కారియాపట్టి మొదలుకొని కోవిల్‌పట్టి దాకా మన తెలుగు ఇళ్ళలో చరిత్ర అంటే అవే కథలు. వాటిని మరోరోజు చెప్పుకుందాం. ఈ రోజు మాట్లాడబోయేది నిన్నమొన్నటి చరిత్ర. నాణెం వేస్తే కదిలే వీడియో ఆటల చరిత్ర. పిల్లలాటకు కూడా చరిత్రేమిటని నవ్వకండి. ఆ ఆటలాడిన కుర్రాళ్ళకు ఇప్పుడు తలలు నెరిశాయి. ఆ యంత్రాల్లో చాలావాటిని పాత ఇనుప సామాన్ల కొట్టు మింగేసింది.

ముందుగా, చూడనివారి కోసం ఆ యంత్రం ఎలా ఉండేదో చెబుతాను. నిలువెత్తు చెక్క బీరువా. అందులో ఒక టీవీ గొట్టం. నడుము ఎత్తున చేతికందే జాయ్‌స్టిక్, రెండు మూడు బొత్తాలు. కింద నాణెం వేసే సందు. నాణెం పడగానే ఆట మొదలవుతుంది. ఓడిపోతే తెర మళ్ళీ నాణెం అడుగుతుంది. వ్యాపారమంతా ఆ ఓటమిలోనే ఉంది. మరీ తేలికైతే ఒకే కుర్రాడు ఒక్క నాణెంతో సాయంత్రం దాకా నిలబడిపోతాడు. మరీ కష్టమైతే రెండోసారి రాడు. ఆ రెంటి మధ్య తాడు మీద నడిచినట్టు నడిచిన ఆటలే ఈనాటికీ గుర్తున్నాయి.

1972లో అమెరికాలోని కాలిఫోర్నియాలో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు అటారీ అనే కంపెనీ పెట్టారు. అంతకు ముందు ఏడాది వాళ్ళు తయారుచేసిన ‘కంప్యూటర్ స్పేస్’ అనే ఆట జనానికి అంతగా అర్థం కాలేదు. కొత్తగా చేరిన ఇంజనీరు అలన్ ఆల్కార్న్‌కు చేయి తిరగడానికని ఒక చిన్న పని ఇచ్చారు. తెర మీద ఒక బంతి, అటూ ఇటూ రెండు గీతలు. గీతతో బంతిని కొట్టాలి, అంతే. దాని పేరు ‘పాంగ్’. సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బారులో ఆ యంత్రాన్ని పెట్టారు. కొద్ది రోజులకే, యంత్రం చెడిపోయింది, వచ్చి చూసుకోండని కబురు వచ్చింది. ఆల్కార్న్ వెళ్ళి విప్పి చూస్తే యంత్రానికి ఏ జబ్బూ లేదు. నాణేలు పడే డబ్బా నిండిపోయి కొత్త నాణెం లోపలికి దిగడం లేదు. ఇంకో విశేషం, పాంగ్‌లో ప్రోగ్రామ్ అనేదే లేదు. చిప్పులను ఒకదానికొకటి కలిపి అల్లిన సర్క్యూట్టే ఆట. అయితే టీవీ తెర మీద ఆట అనే ఆలోచన అటారీ వాళ్ళ కంటే ముందే రేల్ఫ్ బేర్ అనే ఆయన చేశాడు. నాజీల కాలంలో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదు కుటుంబం వారిది. ఆ పేచీ కోర్టుకెక్కి 1976లో రాజీతో ముగిసింది.

అసలు సంబరం 1978లో జపాన్‌లో మొదలైంది. టైటో అనే కంపెనీలో పనిచేసే తొమోహిరో నిషికాడో ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ అనే ఆటను తయారుచేశాడు. దానికి కావలసిన కంప్యూటర్ పరికరాలను కూడా తానే కూర్చుకున్నాడు. వరుసకు పదకొండు చొప్పున అయిదు వరుసల్లో, అంటే మొత్తం 55 మంది గ్రహాంతరవాసులు, తెర పైనుంచి అటూ ఇటూ జరుగుతూ మెల్లగా కిందికి దిగుతారు. కింద ఒకే ఒక్క తుపాకీతో మీరు. ఒక్కొక్కరినీ కాలుస్తూ పోతే మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. చివరికి మిగిలిన ఒక్కడు పిచ్చిపట్టినట్టు పరుగెడతాడు. ఇది ఎంతో ఆలోచించి పెట్టిన తెలివి అని ఆడినవాళ్ళు అనుకున్నారు. అసలు సంగతి వేరు. అప్పటి చిప్పుకు శక్తి చాలదు. 55 బొమ్మలను కదిలించడానికి అది ఆయాసపడేది. బొమ్మలు తగ్గేకొద్దీ భారం తగ్గి, ఉన్నవాటిని గబగబా కదిలించేది. నిషికాడో అది గమనించాడు. సరిదిద్దకుండా అలాగే వదిలేశాడు. నాలుగే నాలుగు స్వరాలు గుండె చప్పుడులా మోగుతూ, ఆ వేగంతోపాటే వేగం పుంజుకునేలా చేశాడు. ఆటలో భయం పుట్టించింది ఆ నాలుగు స్వరాలే. ఈ ఆట మూలంగా జపాన్‌లో వంద యెన్ల నాణేలకు కరువొచ్చిందని ఒక కథ చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. దానికి ఆధారం లేదు. మంచి కథ కనుక ఎవరూ వదలడం లేదు, అంతే.

రెండేళ్ళ తరువాత, 1980లో, నామ్‌కో కంపెనీలో తోరు ఇవతాని అనే యువకుడికి ఒక సందేహం వచ్చింది. ఆటల కొట్లనిండా కాల్చడం, చంపడమే కదా, అక్కడికి ఆడవాళ్ళు ఎందుకు వస్తారు? వాళ్ళు కూడా వచ్చి ఆడే ఆట కావాలనుకుని, తినడం మీద ఆట అల్లాడు. అదే ‘ప్యాక్‌మాన్’. పసుపుపచ్చని గుండ్రటి ముఖం నోరు తెరుస్తూ మూస్తూ చిట్టడవి లాంటి దారుల్లో చుక్కలన్నీ తినుకుంటూ పోతుంది. చిన్న చుక్కలు 240, పెద్దవి నాలుగు. నాలుగు దయ్యాలు వెంటపడతాయి.

ఇక్కడ మీకు తెలిసిన ఒక ఆటతో పోల్చి చెప్పాలి. తమిళులు ఆడుపులి ఆట్టం అనే మన పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దూకి చంపుతుంది. మేకలు పులిని కదలనివ్వకుండా ముట్టడిస్తాయి. ఇరువైపులా బలం వేరు, లక్ష్యం వేరు. చదరంగంలా రెండు సమాన సైన్యాలు కావు. ప్యాక్‌మాన్‌లో కూడా కిటుకు అదే. ఒంటరివాడిని గుంపు తరుముతుంది. పెద్ద చుక్క మింగగానే కొద్ది సెకన్లపాటు వరస తిరగబడి, దయ్యాలు పారిపోతాయి, వీడు తరుముతాడు. అంతేకాదు, నాలుగు దయ్యాలకూ నాలుగు స్వభావాలు. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీ రంగుది మీరు వెళ్ళబోయే చోటికి నాలుగు గళ్ళ ముందుకు గురిపెడుతుంది. నీలం దయ్యం, ఎర్రది ఎక్కడుందో చూసుకుని దారి ఎంచుకుంటుంది. నారింజ రంగుది దగ్గరికి వచ్చి, మీ ఊపిరి తగిలేంతలో వెనక్కి తిరిగి తన మూలకు పోతుంది. పులిజూదంలో చేయి తిరిగిన ముసలివాళ్ళను తీసుకొచ్చి నిలబెడితే పది నాణేల్లో ఈ స్వభావాలను పసిగట్టేసేవారని నా నమ్మకం.

ఆ ఆటకు ముగింపు పెట్టలేదు. కానీ యంత్రం లెక్క 255తో ఆగిపోతుంది. 256వ మెట్టుకు చేరినవాడికి తెర కుడి సగమంతా చెత్త అక్షరాలతో నిండిపోయి, ఇక ముందుకు దారి ఉండదు.

1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ గురించి ఒక్క మాట. దాన్ని చేసిన నింటెండో కంపెనీ 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేసే దుకాణంగా పుట్టింది. శివకాశిలో అగ్గిపెట్టె లేబుళ్ళు, క్యాలెండర్లు అచ్చువేసే వీధుల్లో తిరిగినవాళ్ళకు అలాంటి దుకాణం ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కరలేదు. అమెరికాలో అమ్ముడుపోక గోదాములో మిగిలిన ‘రాడార్ స్కోప్’ అనే ఆట యంత్రాలను ఏదో ఒకటి చెయ్యాలని, షిగెరు మియామోతో అనే కుర్ర చిత్రకారుడికి ఆ పని అప్పగించారు. ఆయన గీసిన కథానాయకుడే తరువాత మారియో అయ్యాడు. ఆ మీసం, టోపీ ఎందుకంటే, ఉన్న కొద్ది చుక్కలతో నోరు గీయడం, జుట్టు గీయడం కుదరలేదు.

మరి ఇవన్నీ మన వైపుకు ఎప్పుడు వచ్చాయి? నగరాలకు 1980లలో. మన పట్టణాలకు 1990లలో. రూపాయి నాణెమో, కొట్టువాడిచ్చే టోకెనో వేసి ఆడే పెద్ద యంత్రాలు కొన్నిచోట్లే. ఎక్కువచోట్ల జపాన్ యంత్రాలను అనుకరించిన చౌక యంత్రాన్ని టీవీకి తగిలించి, అరగంటకింత అని వసూలు చేసేవారు. క్యాసెట్ మీద ‘9999 ఆటలు’ అని అచ్చువేసి ఉండేది. లోపల ఉన్నవి పదో ఇరవయ్యో. అవే రంగులు మారి, పేర్లు మారి తిరిగి తిరిగి వచ్చేవి. బడి ఎగ్గొట్టి అక్కడ దొరికిపోయిన కుర్రాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉంటే, పక్కన పిల్లలున్నారేమో చూసుకుని నవ్వండి.

ఆ కొట్లలో ఒక ఆటకు మన దేశమంతటా దాని సొంత పేరు పోయి, కొత్త పేరు వచ్చింది. ‘ముస్తఫా’. ఆట అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్‌లోని కాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన బొమ్మల కథ దానికి మూలం. ఆడేవాళ్ళు ఎంచుకోవడానికి నలుగురు వీరులున్నారు. వారిలో టోపీ పెట్టుకున్నవాడు ముస్తఫా. ఎగిరి తన్నడంలో, పరుగులో వాడే మేటి. నలుగురిలో మనవాడిలా వినిపించే పేరు కూడా వాడిదొక్కటే. అందుకే ఆటకే ఆ పేరు స్థిరపడిందని నేను అనుకుంటాను. బొమ్మల కథ హక్కులు ఒకరివి, ఆట హక్కులు మరొకరివి. ఇంట్లో ఆడుకునే యంత్రాలకు దాన్ని మార్చి కంపెనీ ఎన్నడూ అమ్మలేదు.

ఆ పాత యంత్రాల్లో మరో చిక్కు ఉంది. తమ ఆటలను ఎవరూ దొంగచాటుగా నకలు చేయకూడదని, ఆ కాలపు కాప్‌కామ్ బోర్డులు కొన్నింటిలో ఒక చిన్న బ్యాటరీ పెట్టారు. ఆట రహస్య తాళం ఆ బ్యాటరీ బలంతోనే నిలిచి ఉంటుంది. బ్యాటరీ చచ్చిన రోజున తాళం చెరిగిపోతుంది, ఆట చచ్చిపోతుంది. దీన్ని ఆత్మహత్య బ్యాటరీ అని రిపేరు చేసేవాళ్ళు పిలుస్తారు. దొంగల భయంతో ఇంటికి నిప్పు తగిలించుకున్నట్టుంది వ్యవహారం. ‘ముస్తఫా’ బోర్డుకు కూడా అలాంటి బ్యాటరీయే ఉంది.

మరి ఈ ఆటలు ఎలా మిగిలాయి? 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా అనే కుర్రాడు పాత ఆటల యంత్రాలను మామూలు కంప్యూటర్‌లో అచ్చంగా నటింపజేసే ‘మేమ్’ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేశాడు. ప్రపంచం నలుమూలల నుంచి జనం పైసా ఆశించకుండా ఆ పనిలో చేయి కలిపారు. చచ్చిన బోర్డుల తాళాలను విప్పి రాసిపెట్టారు. చట్టం ప్రకారం చూస్తే ఆటల నకళ్ళు పంచుకోవడం తప్పే. వాటిని కాపాడింది ఆ తప్పే అని కూడా ఒప్పుకోవాలి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఇప్పుడు సక్రమంగా కొనుక్కుందామన్నా దొరకవని, వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. గ్రంథాలయాలు ఆ ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు చూపించే వీలు కల్పించమని అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదంది. అమ్మరు, చూడనివ్వరు. ఇందులో న్యాయం నాకు కనిపించలేదు.

ఆట చేసినవాళ్ళ పేర్లు కూడా చాలాకాలం దాచారు. అటారీ వాళ్ళు ఇళ్ళకు అమ్మిన ఆటల మీద తయారుచేసినవాడి పేరు వేసేవారు కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన ‘అడ్వెంచర్’ అనే ఆటలో ఎవరికీ తెలియకుండా ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. ఈ పద్ధతి నచ్చక అటారీ నుంచి నలుగురు బయటికి వచ్చేశారు. 1979లో వాళ్ళు చేరి మొదలైన కంపెనీయే యాక్టివిజన్. 2023 అక్టోబరులో ఆ కంపెనీని మైక్రోసాఫ్ట్ సుమారు 6,870 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కొనుగోలు నడిపినది హైదరాబాదులో పుట్టిన మన తెలుగాయన సత్య నాదెళ్ళ. పేరు వేయలేదని అలిగి వెళ్ళినవాళ్ళ కొట్టు అంత ధర పలికింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ఇళ్ళ సంగతీ ఇలాంటిదే. గుళ్ళ మంటపాల్లో రాతి మీద చెక్కిన పులిజూదం గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. గీతలున్నాయి, ఆడుతూ అనే మాటలు పోతున్నాయి. వామనగుంటల పలకలో పద్నాలుగు గుంటలని, వాటిలో చింతపిక్కలు పంచాలని తెలుసు. గుంట ఖాళీ అయితే మీ నాయనమ్మ తెలుగులో ఏమనేది? వైకుంఠ ఏకాదశి జాగారంలో పరమపద సోపాన పటం ముందు కూర్చుని పాము మింగినప్పుడు ఏమని అరిచేవారు? మనలో చాలామందికి తెలుగు మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు మన పూర్వుల వలస కథను 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా రాశారు. అందువల్ల అది కాగితం మీద మిగిలింది. ఆటల మాటలను అలా ఎవరూ రాయలేదు. ఇంట్లో సెల్‌ఫోన్ ఉంటుంది కదా, ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఒక ఆట ఆడించి, ఆ గొంతులను రికార్డు చేసి ఉంచండి. ఏ లిపీ అక్కరలేదు.

అలాగే, మీ పట్టణంలో ఎవరి గోదాములోనైనా పాత వీడియో ఆట బీరువా దుమ్ము పట్టి ఉందనుకోండి, పాత ఇనుముకు వేసేముందు వెనక తలుపు తీయించి చూడండి. లోపలి పచ్చ బోర్డు మీద ఒక చిన్న బ్యాటరీ కనిపిస్తే దాన్ని మాత్రం ఊడదీయకండి. తెలిసిన మెకానిక్ వచ్చేదాకా అలాగే ఉంచండి. సెలవు.