అంతర్జాతీయ ఋణసంస్థలు – భారతదేశ అనుభవము

అప్పు పుచ్చుకొనువానికి పత్రములోని వడ్డీ ఒక్కటే ముఖ్యము కాదు. ఏ వేళ అప్పునకు పోయెనన్నదియు ముఖ్యమే. తొలకరికి ముందే నిదానముగా బేరమాడి తెచ్చిన అప్పు వేరు. పెండ్లివారు వాకిట నిలిచినప్పుడు షావుకారు చెప్పిన మాటకెల్ల తలయూపి తెచ్చిన అప్పు వేరు. దేశముల విషయమునను ఈ న్యాయమే వర్తించును. అంతర్జాతీయ ఋణసంస్థలతో భారతదేశమునకు గల ఎనుబదేండ్ల సంబంధమే ఇందుకు నిదర్శనము.

1944 జూలైలో, రెండవ ప్రపంచయుద్ధము ముగియకమునుపే, అమెరికాలోని బ్రెట్టన్ వుడ్స్ అనుచోట 44 దేశముల ప్రతినిధులు సమావేశమైరి. అచట రెండు సంస్థలకు రూపకల్పన జరిగెను. విదేశీ చెల్లింపులకు సొమ్ము చాలక చిక్కుపడిన దేశమును ఆదుకొనునది అంతర్జాతీయ ద్రవ్యనిధి. ఆనకట్టలు, రైలుమార్గములు, విద్యుత్కేంద్రముల వంటి వానికి దీర్ఘకాల ఋణములిచ్చునది ప్రపంచ బ్యాంకు. రెంటియందును ఓటుబలము ప్రధానముగా వాటాను బట్టియే. కావున ధనిక దేశముల మాటకే బరువెక్కువ.

భారతదేశము నాడు పరతంత్రమైనను, చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి మున్నగువారు ఆ సభలో పాల్గొనిరి. యుద్ధవ్యయము క్రింద బ్రిటను భారతదేశమునకు పడిన బాకీ సంగతిని సభ పరిగణింపవలెనని వారు కోరిరి. బ్రిటను అంగీకరింపలేదు. ఋణదాతయై యుండియు భారతదేశము రిక్తహస్తములతోనే మరలెను.

స్వాతంత్ర్యానంతరము 1949 ఆగస్టులో రైల్వేల నిమిత్తము ప్రపంచ బ్యాంకు 3 కోట్ల 40 లక్షల డాలర్ల ఋణమును మంజూరు చేసెను. ఆసియాఖండమున ఆ బ్యాంకు ఇచ్చిన మొదటి ఋణమిదియే. నిర్దిష్టమైన పనికై అడిగి తెచ్చిన ఈ అప్పు దేశవిధానమును శాసింపలేదు.

1966 నాటి పరిస్థితి వేరు. రెండు యుద్ధములు, వానలు లేని కరవు, విదేశ ధాన్యముపై ఆధారము దేశమును క్రుంగదీసియుండెను. రూపాయి విలువ తగ్గింపుమని ఋణదాతలు ఒత్తిడి చేసిరి. ఆ ఏడు జూన్ 6వ తేదీన డాలరు వెల 4.76 రూపాయల నుండి 7.50 రూపాయలకు పెరిగెను. ఇందుకు ప్రతిగా ఆశించిన సహాయము మాత్రము తరువాతి సంవత్సరములలో ఆ మేరకు రాలేదు. షరతు ముందు నెరవేరెను, మాట వెనుకబడెను.

అంతకు మించిన కటకట 1991లో సంభవించెను. గల్ఫు సంక్షోభముచే చమురు ధర పెరిగెను. విదేశీ మారకద్రవ్యము రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే మిగిలెను. జూలైలో దాదాపు 47 టన్నుల బంగారము విదేశములలో కుదువబెట్టబడెను. నాటి ప్రధాని పి.వి. నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. రూపాయి విలువ తగ్గెను; పెక్కు పరిశ్రమలకు లైసెన్సు నిబంధన తొలగెను; దిగుమతి సుంకములు క్రమముగా దిగివచ్చెను. ఆ ఏటి బడ్జెటులో ఎరువుల ధరలు 40 శాతము పెంచబడగా, నిరసనల పిమ్మట 30 శాతమునకు తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు నిచ్చిరి. వాషింగ్టనులోని ఋణపత్రమునకును పల్లెలోని ఎరువుల బస్తాకును గల బంధము ఇట్లు బయల్పడెను. ఈ సంస్కరణములు ఋణదాతల ఆజ్ఞలని కొందరు, దేశీయ ఆర్థికవేత్తలే ముందుగా కోరినవని కొందరు వాదింతురు. రెంటను కొంత నిజము కలదు.

పిమ్మట రాష్ట్రముల సంస్కరణములకును ప్రపంచ బ్యాంకు ఋణములు రాసాగెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అట్టి ఋణము స్వీకరించిన తొలి రాష్ట్రములలో ఒకటి. 1999లో విద్యుత్తు బోర్డు విడదీయబడి, ఉత్పత్తికి ఒకటి, సరఫరాకు ఒకటిగా సంస్థలేర్పడెను. 2000లో విద్యుత్తు ధరలు పెరుగగా ఆందోళన చెలరేగెను. ఆగస్టు 28న హైదరాబాదులోని బషీర్‌బాగ్ వద్ద జరిగిన కాల్పులలో ప్రాణములు పోయినవి. 2004లో ప్రభుత్వము మారి, వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. పత్రము వ్రాసినవారు ప్రజలను లెక్కింపకున్నను, ప్రజలు ఎన్నికలలో తమ లెక్క తాము చెప్పిరి.

1993 తరువాత భారతదేశము ద్రవ్యనిధి కడ అప్పు చేయలేదు. 2000 నాటికి పాత బాకీని తీర్చెను. 2009లో ఆ ద్రవ్యనిధి నుండియే 200 టన్నుల బంగారమును కొనెను. ప్రపంచ బ్యాంకు ఋణములు మాత్రము నేటికిని వచ్చుచునే యున్నవి.

కావున అప్పు స్వతః దోషము కాదు. అవసరము మీదపడకమునుపే, పని తెలిసి, షరతు చదివి తెచ్చిన అప్పు పంటయగును. గత్యంతరము లేక తెచ్చినది పెత్తనమును వెంటదెచ్చును. ఆ షరతులు పల్లెపల్లెకును తగులునవే గనుక, వానిని ప్రజలు ముందుగా చదివి, ప్రశ్నింపగలుగుటయే దేశమునకు దొడ్డ పూచీ. అట్టి చదువునకు గ్రామ గ్రంథాలయముకంటె తగిన చోటు వేరొకటి లేదు.